శీనా మీది రాళ్లు

1978, ఆదివారం. హోసూరు.

పొద్దున అంచెట్టిలో బస్సు దిగి, ఏటి వెంబడే లోయలోకి నడిచినాము. రాళ్లూ ముళ్లూ, మోకాలి లోతు నీళ్లు. మా కొడుకు శీనాను ఏనుగు తొక్కి చంపిన తావు చేరేటప్పటికి మధ్యాన్నమైంది. ఆడ నా నడుమెత్తు రాళ్లకుప్ప ఉంది. ఆ దోవన పోయేవాళ్లంతా చచ్చినవానికని తలా ఒక రాయి వేస్తారంట. మా ఆయనా వేసినాడు.

"నువ్వూ వెయ్యమ్మా," అన్నాడు దోవ చూపించిన మారప్ప.

రాయి ఎత్తినాను, చెయ్యి రాలేదు. తొక్కుడుపడి పోయిన బిడ్డ మీద ఇంకా బరువా?

"ఇంత దూరం వచ్చింది ఊరికే చూసేదానికా?" అని మా ఆయన కసిరినాడు.

వాళ్లు ముందుకు పోయినాక, కుప్ప మీదినుంచి ఒక రాయి తీసి కింద పెట్టినాను. తప్పేమో, తెలీదు. వానికి ఆ మాత్రమైనా బరువు తగ్గనీ.