చత్రుకు సగం ఎందుకంటే

జనగామ, ఆదివారం.

ముత్తమ్మా, నేను క్షేమం, బెంగపడకు. మరిపెడ కిరాయికి నేనే ఎక్కువ దూరం తోలితే చత్రుకు కూలిలో సగం ఎందుకని అడిగావు. లారీ ఒక్కటి, డ్రైవర్లం ఇద్దరం. ఒకడు తోలుతుంటే ఒకడు పడుకుంటాడు. ఎవరెంత తోలినా సగం సగమే.

మొన్న మంగళవారం ఇంకో కిరాయికి పోతుంటే, రేగొండ దగ్గర మిలటరీ బండ్లు రాకుండా సంఘంవాళ్లు రోడ్డు తవ్విన చోట, మిలటరీవాళ్లు చత్రును దింపి కొట్టారు. లారీలో ఇంకెవరున్నారని గద్దించారు. "ఎవ్వలు లేరు దొరా, వడ్ల బస్తాలే" అన్నాడు. వెనుక టార్పాలిన్ కింద నాకు మెలకువ వచ్చింది. కదలలేదు.

మనియార్డరులో చత్రు సగమూ ఉంది. అతని భార్య రాజీ, తండా నుంచి వస్తే ఇచ్చి, అన్నం పెట్టి పంపు. బర్రె ఈనిందా? అవ్వకు దండాలు, పిల్లలకు దీవెనలు. కూలిలో సగం తీసుకున్నాను గాని, దెబ్బల్లో తీసుకోలేదు.

పోశాలు