ఇంజన్ కడుపులో ఇత్తడి బిళ్ళ

నాయనా,

రేపు నీ తిథి. నువ్వు రేకుతో చేసిన బొమ్మ రైలింజన్‌ను తుడుద్దామని విప్పినాను. నువ్వుంటే తిట్టేవాడివి. లోపల ఒక ఇత్తడి బిళ్ళ దొరికింది. తిప్పి తిప్పి చూసినా అది యాడిదో తెలీలేదు.

నీతో గనిలో పనిచేసిన మునిస్వామి మామకు చూపిస్తే చానాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు. "ఇది ఇంజన్‌ది కాదమ్మా, మీ నాయన టోకెన్. గనిలోకి దిగేటప్పుడు తీసుకుంటాం, పైకొచ్చినాక బోర్డుకు తగిలిస్తాం. తగిలించకుంటే మనిషి ఇంకా లోపలే ఉండాడని లెక్క. గని మూసిన దినం దీన్ని తిరిగియ్యడానికి మీ నాయనకు మనసు రాలేదు," అన్నాడు.

అమ్మ బిళ్ళను కొంగుతో తుడిచి, నీ చొక్కా తగిలించే మేకుకు తగిలించింది. లోపలికి పోయి, నువ్వు గని నుంచి వచ్చే దినాల్లో మాదిరే నీ స్నానానికి నీళ్ళు కాచింది.