ఊడిపోయిన నంబరు చీట్లు

అల్లూరు,
12-11-1963

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పబట్టి నన్ను బట్టల కొట్లో పెట్టుకున్న పద్మనాభయ్య గారు మీకేమైనా రాసినారేమో తెలియదు. జరిగింది నేనే చెబుతున్నాను.

ముసురుకు గోడలు చెమ్మెక్కి, చీరలకు నేను పిండిజిగురుతో అంటించిన నంబరు చీట్లు ఊడిపోయినాయి. కొన్ని బొద్దింకలు తినేసినాయి. ఏ చీర ఏ నంబరుదో రిజిస్టరుతో పోల్చే దారి లేకపోయింది. సంతరోజు, కొట్టు నిండా జనం ఉండగా, "చీరలు మాయం చేసి చీట్లు పీకేసినావా?" అన్నారాయన.

రిజిస్టరులో ప్రతి నంబరు పక్కన నేసినవాళ్ళ పేర్లున్నాయి. అందుకని నేతపని చేసే ఆదిశేషమ్మక్కను పిలుచుకొచ్చినాను. ఆమె అంచులు తడిమి, ఇది నాది, ఇది మా మరిదిది అని చెబుతుంటే మూడు రోజులు కూర్చుని నూట నలభై చీరలకూ నంబర్లు పోల్చినాను. ఒక్కటీ తగ్గలేదు.

పద్మనాభయ్య గారు రిజిస్టరు మూసి, "ఈసారి గుడ్డముక్కమీద నంబరు రాసి చీరకు కుట్టు" అన్నారు.

ఆయన్ను మీరేమీ అడగవద్దు. నన్ను ఆ మాట అన్నప్పుడు కొట్లో ముప్పై మంది ఉన్నారు. చీరలన్నీ సరిపోయిన సంగతి ఆయనకూ ఆదిశేషమ్మక్కకూ నాకూ తప్ప ఎవరికీ తెలియలేదు. నెల్లూరులో వేరే పనేదైనా ఉంటే రాయండి. నంబర్లు కుట్టాల్సిన చీరలు ఇంకా అరవై ఉన్నాయి, అవి కుట్టేసి వస్తాను.

మీ బావమరిది