హృదయాల రిజిస్టరు

జూన్ 4, బుధవారం, ఉదయం 8.10

చి. పిచికకు,
నాయనమ్మ ఆశీస్సులు.

నిన్ననే ఫోనులో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఉత్తరమెందుకు అంటావు. ఫోనులో అనుకున్నదానికి దాఖలా ఉండదు. ముప్ఫై ఒక్కేళ్ళు హెడ్మిస్ట్రెస్సుగా చేసినదాన్ని, నోటిమాట మీద ఏ పనీ నడపలేదు. పైగా ఇది మీ తాతయ్య చెవిన పడకూడని సంగతి. మన బైండింగు షాపులో ఆయన బల్లకూ నా బల్లకూ ఎడం నాలుగడుగులే.

నిన్న మధ్యాహ్నం పాతసామాన్లాయన వచ్చి, పుస్తకాలు బిగించే ఇనుప ప్రెస్సు కొలతలు తీసుకుపోయాడు. నువ్వు చిన్నప్పుడు చక్రం పట్టుకుని వేలాడేదానివి, ఆ ప్రెస్సే. "నెలాఖరులోగా పది పుస్తకాలు బైండింగుకొస్తే సరేసరి. రాకపోతే ముప్ఫయ్యో తారీఖున వచ్చి పట్టుకుపో," అని మాటిచ్చేశారు మీ తాతయ్య. పోయిన నెలంతా వచ్చినవి రెండు. ప్రెస్సు పోయిన మర్నాడు ఆయన ఏం చేస్తారు? కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ చేతులు చూసుకుంటారు. అది తలుచుకుంటేనే నాకు తిండి సయించడం లేదు.

అందుకని నువ్వు నా ఫోనులో పెట్టి వెళ్ళిన ఫొటోల యాప్ తెరిచి, షాపు పేరున పేజీ మొదలుపెట్టాను. మొదటి ఫొటో, వెన్ను విరిగిన నిఘంటువు. బైండింగుకు ముందు, తరువాత. సాయంత్రానికి పదకొండు హృదయాలు వచ్చాయి. పేరు, తేదీ, నిమిషంతో సహా రిజిస్టరులో ఎక్కించాను. ఈ పదకొండు మందీ ఎన్ని గంటలకు వస్తారో వెంటనే తెలియజేయి. షాపులో కుర్చీలు మూడే ఉన్నాయి.

ఇట్లు,
కంగారులో ఉన్న నాయనమ్మ

తా.క.: ఆయనతో ఈ మాట అనకు. ఆయనకు ఫోనంటే గిట్టదు. నువ్వు ఇచ్చి వెళ్ళిన పాత ఫోనును జిగురు ఆరేదాకా కాగితాల మీద బరువుగా పెడుతున్నారు.


జూన్ 8

నాయనమ్మా,
నమస్కారం. ముందు ఆ కుర్చీలు సర్దడం ఆపు!

హృదయం నొక్కితే వస్తామని కాదు, ఫొటో బాగుందని. అంతే. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతారు చూడు, అలాగన్నమాట. ఊపినవాళ్ళందరూ మనింటి ముందు దిగిపోరు కదా! రిజిస్టరూ గిజిస్టరూ ఏం వద్దు. రోజుకో ఫొటో పెట్టు. ఎవరైనా ఏదైనా రాస్తే నాలుగు ముక్కలు మెత్తగా బదులివ్వు. ఇంకేం చెయ్యకు. నువ్వు ఇంకేదో చేస్తావని ఇక్కడ ఆఫీసులో నాకు కాలు నిలవడం లేదు.

నీ పిచిక

తా.క.: కామెంట్లలో తప్పులు దిద్దకు. ఎవరివీ. నీకు దణ్ణం పెడతాను.


జూన్ 13, శుక్రవారం, ఉదయం 9.00

చి. పిచికకు,
ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. అప్పటికే పద్నాలుగు తప్పులు దిద్దేశాను. పదిహేనోది నీ మాట మీద గౌరవంతో వదిలేశాను. అది ఇప్పటికీ కళ్ళలో నలుసులా ఉంది.

చెయ్యి ఊపడమన్నావు, సరే. ఊపిన చెయ్యిని ఎవరైనా వెనక్కి తీసుకుంటారా? 9వ తేదీ ఉదయం 10.05కు మన దగ్గర 43 హృదయాలు ఉన్నాయి. 10.20కి 39. మూడుసార్లు సరిచూశాను, నాలుగు తగ్గాయి. పేర్లు పోల్చి చూస్తే ఇచ్చినవాళ్ళే తీసేసుకున్నారు! మన పనిలో ఏం లోపం కనబడిందో తెలుసుకోవద్దా? నలుగురికీ యాప్‌లోనే నోటీసులు పంపాను. నకలు ఇది:

"తాము 9వ తేదీ ఉదయం మా షాపునకు ఒక హృదయం ఇచ్చి, 10.20 నాటికి కారణం తెలపకుండా వెనక్కి తీసుకున్నారు. ఏడు రోజుల్లోగా ఈ క్రింది చిరునామాకు స్వయంగా వచ్చి గాని, కాగితం మీద గాని సంజాయిషీ ఇచ్చుకోవలెను."

ఆ నలుగురిలో ఒక మనిషి 'చెదపురుగు' అని పేరు పెట్టుకున్నాడు. మొహం చూపించడు. నేను పెట్టిన ప్రతి ఫొటోకూ హృదయం ఇస్తాడు, పావుగంటలో తీసేస్తాడు. ఐదు రోజుల్లో ఐదుసార్లు! పుస్తకాల షాపు చుట్టూ అలాంటి పేరుగలవాడు తిరుగుతుంటే నాకు దడ పుట్టదా? ఎవరో మన మీద పగబట్టారు. పుస్తకాలు ఇప్పటికి రెండే వచ్చాయి.

ఇట్లు,
నాయనమ్మ

తా.క.: మీ తాతయ్య ఈ మధ్య బాత్‌రూములో చాలాసేపు ఉంటున్నారు. కడుపు బాగాలేదా అంటే "నీకెందుకు" అంటున్నారు. మందు పేరు కనుక్కుని రాయి.


జూన్ 18

నాయనమ్మా,
ఎంత పని చేశావు!

నీ నోటీసును ఎవరో ఫొటో తీసి లోకమంతా పంచారు. మా ఆఫీసులో కాఫీ మెషీను పక్కన గోడకు అంటించారు. మా మేనేజరు "ఎవరీవిడ?" అంటే "తెలీదండీ" అన్నాను. నన్ను క్షమించు. ఇప్పుడు జనం కావాలనే హృదయం ఇచ్చి కావాలనే తీసేస్తున్నారు. నీ నోటీసు అందుకుని ఫ్రేము కట్టించుకోవాలట! వాళ్ళు నవ్వుకుంటున్నారే. షాపు పరువేం కాను? ఈ ఉత్తరం చూసిన నిమిషంలో ఆపెయ్.

ముఖ్యంగా ఆ చెదపురుగు జోలికి వెళ్ళకు. వదిలెయ్, పాపం. ఎందుకని అడక్కు.

నీ పిచిక

తా.క.: తాతయ్యకి మందేం అక్కర్లేదు.


జూన్ 30, సోమవారం, మధ్యాహ్నం 3.40

చి. పిచికకు,
ఆశీస్సులు.

ఆపమన్నావు, ఆపాను. తొంభై రెండో నోటీసు దగ్గర.

ఈలోగా జనం సంజాయిషీకి రావడం మొదలుపెట్టారు. మొదట వచ్చినాయన పళ్ళ డాక్టరు. "వేలు జారిందండీ," అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వేలు జారేవాడివి పళ్ళెలా పీకుతున్నావయ్యా?" అన్నాను. మర్నాడు తన చిన్నప్పటి అట్లాసు తెచ్చి బైండింగుకిచ్చాడు. సంగీతం టీచరు ఏకంగా రెండు స్వరాల పుస్తకాలతో వచ్చింది, ఉత్త చేతులతో వస్తే కోప్పడతానేమోనని. శనివారానికి లెక్క తొమ్మిది. అక్కడ ఆగిపోయింది.

ఆ శనివారం టపాలోనే చెదపురుగు సంజాయిషీ వచ్చింది. చదవకముందే కుట్టు మీద కళ్ళు పడ్డాయి. నాలుగు కాగితాలు. ఎడమ పక్క మూడు కన్నాలు, నారదారం కుట్టు, ముడి లోపలివైపు. ముడి లోపలికి వేసే మనిషి నా ఎరుకలో ఒక్కరే. ఆ ఒక్కరూ నాలుగడుగుల దూరంలో జిగురు కలుపుతూ గోడకేసి చూస్తున్నారు.

అందులోని ముక్కలు ఎత్తి రాస్తున్నాను: "ఫొటో చూడగానే చెయ్యి ఆగదు, నొక్కుతాను. నొక్కగానే అది తమ రిజిస్టరులో ఎక్కుతుందని గుర్తొస్తుంది. యాభై ఏళ్ళలో నా పనిని నేను మెచ్చుకున్నది లేదు; ఇప్పుడు పట్టుబడితే ఎలాగని తీసేస్తాను. ప్రెస్సు ఇచ్చేస్తానని తొందరపడి అన్నాను. హృదయమైతే వెనక్కి తీసుకోవచ్చు, మాట తీసుకోలేను. పదో పుస్తకం ఎలాగైనా వచ్చేటట్టు తమరు చూడవలెను."

'అందినది' అని ముద్ర వేసి రిజిస్టరులో పెట్టాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆదివారమంతా ఇద్దరం వీధి తలుపుకేసే చూస్తూ కూర్చున్నాం. ఎవరూ రాలేదు.

ఇవాళ సరిగ్గా పదింటికి పాతసామాన్లాయన ఇద్దరు మనుషులతో, తాళ్ళతో దిగాడు. తూకం రాసుకోడానికి చంకలోంచి పుస్తకం తీశాడు. అట్ట లేదు. మొదటి కాగితాలు రబ్బరు బ్యాండుకు వేలాడుతున్నాయి.

"ఏమయ్యా, ఇదేనా నీ తూకాల పుస్తకం?"

"అవునమ్మా, పన్నెండేళ్ళ నుంచీ ఇదే."

"ఇలా ఇయ్యి." చేతిలోంచి లాక్కుని రసీదు రాసేశాను. నంబరు 10.

"అమ్మా! అది లేకపోతే నేను తూకం ఎందులో రాసుకునేది?"

"గురువారం వచ్చి పట్టుకుపో. అందాకా తూకమే లేనప్పుడు ప్రెస్సు ఎలా తీసుకెళ్తావు?"

మీ తాతయ్య అంత చురుగ్గా లేవడం నేను చూసి చాలా ఏళ్ళయింది. ఆ పుస్తకాన్ని ప్రెస్సులో పెట్టి చక్రం గిరగిరా తిప్పి బిగించేశారు. "ఇప్పుడు కదిపితే జిగురు పట్టదు," అన్నారు.

"జిగురింకా రాయనేలేదు కదండీ!"

"రాస్తాం."

ఇట్లు,
నాయనమ్మ

తా.క.: ఇకమీదట జరగవలసినవి:

1. పాత ఫోనులో ఆయనకు యాప్ పెట్టి, ఆ పేరు పెట్టి, మూడు వారాలు నా దగ్గర దాచినందుకు జూలై 7లోగా నీ సంజాయిషీ కాగితం మీద అందాలి.

2. 'ఎవరీవిడ' అని మళ్ళీ అడిగితే మీ మేనేజరుకు నిజం చెప్పాలి. గోడ మీది నోటీసు చిరగకుండా తీసి పంపితే అట్ట వేయించి ఇస్తాను.

3. ఫోను బాత్‌రూములోకి పట్టుకెళ్ళడం నేటి నుంచి నిషేధం. బల్ల దగ్గరే చూసుకోవచ్చు.

4. తూకాల పుస్తకం ఫొటో, ఈ ఉత్తరం నీకు అందాక, జూలై 7 సాయంత్రం 5.00కు పెడతాను. చెదపురుగు హృదయం ఇస్తే రిజిస్టరులో ఎక్కించను, అటువైపు చూడను కూడా. తీసేయనక్కర్లేదని ఆయనకు నువ్వే చెప్పాలి. నా నోట రాదు.