కొండల్లో పడ్డ తిథి

మే 3

హాసిని మళ్లీ మ్యాపు తెరిచింది. టేబుల్ మీద ల్యాప్‌టాప్, పక్కన సగం తిన్న పరాటా. లండన్‌లో దిగడం, కారు తీసుకోవడం, కాట్స్‌వోల్డ్స్ పల్లెలు, అక్కణ్ణుంచి పైకి పీక్ డిస్ట్రిక్ట్ కొండలు, ఆ పైన యార్క్‌షైర్... ఓకేనా అని అడిగింది. ఓకే అన్నాను.

వాళ్లమ్మ మాధవి పోయాక ఈ పిల్ల నన్ను అడిగిన మొదటి కోరిక ఇది. పదిహేనేళ్ల పిల్ల. ఇన్నాళ్లూ కొత్త చెప్పులు కూడా అడగలేదు. కాదనడానికి నాకు నోరెక్కడిది?

మే 6

ఆఫీసు. తంజోంగ్ పగార్‌లో వాన. లంచ్‌కి ఇక్కడ అందరూ చేసేట్టే టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేసి, అంటే ఆపుకుని, క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఏం తినాలో తట్టలేదు. ముందువాడు ఏం చెప్పాడో అదే చెప్పాను. చేప. నేను చేప తినను.

మే 10

ఈ ఇంగ్లండ్ పిచ్చి అసలు మాధవిది. ఆ పల్లెటూళ్ల హత్యల సీరియళ్లు ఒక్కటి వదిలేది కాదు. రాతి ఇళ్లు, గులాబీ తీగలు, చర్చి వెనక శవం. "అంత అందమైన ఊళ్లో వారానికో హత్య... అయినా ఒక్కడూ ఇల్లు ఖాళీ చెయ్యడేంటండీ?" అని నన్నే నిలదీసేది, నేనేదో ఆ ఊరి సర్పంచ్‌ని అయినట్టు.

ఇది రాస్తుంటే నవ్వు రావాలి. లేకపోతే ఏడుపు. రెండూ రాలేదు.

మే 11

హాసిని అక్కడి రోడ్ల వీడియోలు చూపించింది. "ఇక్కడిలాగే లెఫ్ట్ సైడ్, సో ఈజీ లా" అంది, ఈ ఊరి యాసలో. ఈజీయే. కాకపోతే రోడ్డు ఒక కారుకే సరిపోతుంది. అటూ ఇటూ రాతి గోడలు, గోడల మీంచి చూస్తున్న గొర్రెలు. ఎదురుగా ఇంకో కారొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఎవరు పోవాలన్నది ఎవరు తేలుస్తారో వీడియోలో చెప్పలేదు. మాధవి పక్కన కూర్చుని ఉంటే ఇట్టే తేల్చేసేది — "మీరే పోనివ్వండి వెనక్కి, మన సొమ్మేం పోయింది."

పక్క సీట్లో ఈసారి హాసిని.

మే 14

టికెట్లు కొన్నాను. జూన్ నాలుగున బయల్దేరడం, పదిహేనున తిరిగి రావడం. తేదీలు హాసినే చెప్పింది. మాధవి పోయింది కిందటేడు జూన్ ఇరవైన. సంవత్సరీకం నాటికి ఎలాగూ వచ్చేసి ఉంటాం. అన్నీ చూసుకునే కొన్నాను.

మే 17

రాజమండ్రి నుంచి అత్తయ్యగారి ఫోన్. జూన్ తొమ్మిదో తారీఖుకి పంతులుగారితో మాట్లాడారా అని అడిగారు. ఇరవై కదండీ అన్నాను. ఆవిడ మెల్లగా, తిథి కదా బాబూ చూసుకోవాల్సింది, ఈ ఏడు ఆ తిథి ముందే పడింది అన్నారు.

తొమ్మిది. ఆ రోజు పీక్ డిస్ట్రిక్ట్‌లో ఉంటాం. ఏదో పాత ఊళ్లో, గుర్రపుశాలని గదులుగా మార్చారట, అందులో.

బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తేదీలు సరిచూడ్డమే నా ఉద్యోగం. పెళ్లాం తిథిని ఇంగ్లిష్ క్యాలెండర్‌లో చూసుకున్నాను. సిగ్గుపడాలి. అదీ రాలేదు.

ఫోన్ పెట్టేసేముందు ఆవిడ అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. "మొదటి ఏడు బాబూ. అది ఆకలితో ఎదురు చూస్తుంది."

మే 18

గుడికి వెళ్లి పంతులుగారిని కలిశాను. కొడుకు లేడు కాబట్టి పెట్టాల్సింది నేనే. మరీ కుదరకపోతే తర్వాత అమావాస్యకి పెట్టొచ్చన్నారు, కానీ మొదటి ఏడు తిథి తప్పకపోతేనే మంచిదట. తొమ్మిదో తారీఖు నాకోసం ఖాళీ ఉంచుతారు. వచ్చే ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పాలి.

మే 19

విమానం వాళ్లు తేదీ మార్చుకోవచ్చన్నారు. పదో తారీఖున బయల్దేరితే సరి, స్కూలు తెరిచేలోగా వచ్చేస్తాం. ఇంత చిన్నదానికి ఎందుకంత కంగారు పడ్డానో. కంగారు పడ్డానా అసలు?

హాసినికి చెప్పాలి.

మే 21

చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. వద్దంది. మార్చొద్దు. అమ్మమ్మ చెప్పింది, తిథి అది, మనకి తెలీక పొరపాటు జరిగింది అని సర్ది చెప్పబోయాను.

"ఐ నో నాన్నా. అమ్మమ్మని అడిగే ఆ డేట్స్ పెట్టా."

అర్థం కాలేదు. ఎందుకమ్మా అన్నాను. కంచంలోకే చూస్తూ అంది —

"లాస్ట్ ఇయర్ పంతులు అంకుల్ కూర్చో అంటే కూర్చున్నావ్. రైస్ బాల్స్ చెయ్ అంటే చేశావ్. నీ ఫేస్‌లో నథింగ్. అమ్మ లేదని ఏడుపొచ్చింది నాకు, కానీ నిన్ను చూస్తే భయమేసింది. ఆ రోజు ఈ ఇంట్లో మళ్లీ అది చూడలేను."

చెయ్యి కడుక్కుని లోపలికి పోయింది. అన్నం అలాగే ఉంది.

మే 22

పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూశాను. రోజూ చూసే మొహమే. పిల్లని భయపెట్టేది ఇందులో ఏముందో తెలీలేదు. ఏమీ లేకపోవడమే కదా అది చెప్పింది.

దానిమీద కోపం తెచ్చుకుందామని చూశాను. తల్లికి పిండం పెట్టే రోజున షికారా అని అరవొచ్చు. అరిచే తండ్రులుంటారు. నాకు చేతకాలేదు.

మే 23

అత్తయ్యగారు మళ్లీ చేశారు. కుదిరిందా బాబూ అని. చూస్తున్నానండీ అన్నాను. మనవరాలు ఆ తిథి ఎందుకు అడిగిందో ఆవిడకి తెలీదు. చెప్పలేదు. కూతురికి అన్నం ముద్ద అందాలని ఆవిడ బాధ. తండ్రి మొహం మళ్లీ అలా చూడకూడదని దీని బాధ. రెండూ న్యాయమే. మధ్యలో నేను... ఎవరికో ఒకరికి అన్యాయం చెయ్యక తప్పదు.

మొట్టమొదటిసారి భయం వేసింది. భయమేనా అని మళ్లీ చూసుకున్నాను. అవును, భయమే. పిల్ల కూడా చెయ్యి జారిపోతుందని.

మే 25, ఆదివారం

పంతులుగారికి ఈ రోజు చెప్పాలి. పొద్దున్నుంచీ ఫోన్ చేతిలోనే ఉంది.

హాసిని వచ్చి సోఫాలో ఆ చివర కూర్చుంది. బుధవారం నుంచీ అవసరమైతే తప్ప మాట్లాడలేదు. టీవీ పెట్టలేదు, తన ఫోన్ చూసుకోలేదు. కింద పిల్లలు బంతాడుకుంటున్న చప్పుడు.

తొమ్మిదిన అక్కడుంటే ఏడుస్తావా అని అడిగింది, నా వైపు చూడకుండా.

అవునని చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేకపోయాను.

"తెలీదమ్మా" అన్నాను.

లేచి గది దాకా వెళ్లి, తలుపు దగ్గర ఆగింది.

"ఒకవేళ ఏడుపొస్తే కారు పక్కకి ఆపు నాన్నా. డ్రైవ్ చేస్తూ ఏడవకు."