రెండు కాలేజీలూ చూశాను

జోగ్జకర్తా,
బుధవారం

ప్రియమైన నాన్నకు, మీ నింగ్ రాసేది.

పిన్ని ఇంట్లో అందరం కులాసా. వీడియో కాల్‌లో చెప్పకుండా ఉత్తరమెందుకు అంటారేమో. నేను నోరు విప్పితే మీరు మాట వినరు, పలికిన తీరు వింటారు. "'ర' సరిగ్గా రాలేదు నింగ్, మళ్ళీ అను" అంటారు. ఈ సంగతి మధ్యలో ఆగకూడదు. అందుకే రాస్తున్నాను.

సోమవారం పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. గణితంలో సీటు నాదేనని కాగితం ఇచ్చారు. కొత్తవాళ్ళని ఒక పాఠానికి కూర్చోబెట్టారు. మీరు నేర్పినట్టే మొదటి వరసలో కూర్చున్నాను. ప్రొఫెసర్‌గారికి గుబురు మీసం, పై పెదవి కనబడదు. సగంసేపు బోర్డు వైపే తిరిగి మాట్లాడారు. ఒకసారి హాలంతా నవ్వింది. నేను వెనక్కి తిరిగి చూసి, అప్పుడు నవ్వాను.

నాన్నా, పన్నెండేళ్ళ బడిలోనూ నేను అలాగే నవ్వాను. పాఠాలు అర్థమయ్యేవి కావు. అయినట్టు తల ఊపేదాన్ని. ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకుని ఒక్కదాన్నే చదువుకునేదాన్ని. ఫస్టు వస్తే మీరు దర్జీకొట్టుకి వచ్చినవాళ్ళందరితో, "మా అమ్మాయికి చెవుడంటే ఎవరైనా నమ్ముతారా?" అనేవారు. మీ మొహంలో వెలుగు చూసి నిజం మింగేసేదాన్ని.

మంగళవారం ఊరి చివర ఉన్న చిన్న కాలేజీకి వెళ్ళాను. అక్కడ నాలాంటివాళ్ళు పదకొండుమంది. మాస్టారి పక్కన ఒకావిడ నిలబడి ప్రతి మాటా చేతులతో చెబుతుంది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. క్యాంటీన్‌లో వాళ్ళ మధ్య కూర్చుంటే అక్కడా పరాయిదాన్నే అనిపించింది. ఇంతలో లారస్ అనే అమ్మాయి, వేయించిన సోయా టెంపే ముక్కలు పొట్లం కట్టిన కాగితం లాక్కుని దానిమీద రాసింది: "మా సారు ఒళ్ళు తగ్గాలంటూనే ఆరు ముక్కలు లాగించాడు. అదిగో, ఏడోది." తలెత్తి చూస్తే ఆయన బుగ్గ ఉబ్బి ఉంది. అందరితోపాటు, అదే క్షణంలో నేనూ నవ్వాను.

అక్కడ గణితం లేదు, కంప్యూటర్ కోర్సే. పోగొట్టుకునేదేమిటో నాకు తెలుసు. పిన్ని అయితే, "ఆ సీటుకోసం పిల్లలు ఏడ్చి చస్తారే! కాలదన్నుకుంటావుటే?" అని కసిరి నిన్నటినుంచీ నాతో మాట్లాడటం లేదు. అయినా చిన్న కాలేజీలోనే చేరతాను. సీటు వదులుకునే కాగితం ఇందులో పెట్టాను. తండ్రి సంతకం కావాలట.

మీ కూతురు
వెనింగ్


పెకలోంగన్,
మంగళవారం

నింగ్ తల్లీ,

నీ ఉత్తరం కొట్లో చదివాను. మొదట కోపం వచ్చింది, దాచుకోను. నీ చిన్న చెయ్యి నా గొంతుమీద పెట్టుకుని ఒక్కొక్క అక్షరం ఎన్ని వేలసార్లు పలికానో! అదంతా బూడిదలో పోసిన పన్నీరే అనిపించింది. ఎవరిదో పెళ్ళికొడుకు చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను. మీ అమ్మ చూసి, "పిల్ల మీది కోపం గుడ్డమీద చూపిస్తారేం? అది రాసినదాంట్లో అబద్ధం ఒక్కటుంటే చెప్పండి" అంది. కాలరు విప్పి మళ్ళీ కుట్టాను.

నీకు తెలియనిది నా దగ్గరా ఒకటుంది. నీకు ఆరేళ్ళప్పుడు స్టేషన్‌లో రైలుకోసం కూర్చున్నాం. ఎదురుగా నలుగురు పిల్లలు చేతులతో మాట్లాడుకుంటున్నారు. నువ్వు వాళ్ళనే చూస్తున్నావు. నీ వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి. నిన్ను చంకనేసుకుని ప్లాట్‌ఫారం అవతలి చివరికి పోయాను. చేతులు అలవాటైతే నోరు మూతపడుతుందని ఎవరో డాక్టరు అన్నాడు. అదొక్కటే కాదు. నలుగురూ చూస్తారని సిగ్గుపడ్డాను. నువ్వు గుక్కపట్టి ఏడ్చావు. టిక్కెట్లు తీసుకుని వచ్చిన మీ అమ్మకి, ఆకలికి ఏడుస్తోందని చెప్పాను.

నీ నవ్వు ఆలస్యంగా వస్తుందని నేనెరుగుదును తల్లీ. పెళ్ళిళ్ళలో, పండగల్లో చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

నిన్న ఆ విశ్వవిద్యాలయానికి ఫోన్ చేశాను. మా అమ్మాయి తరగతిలో చేతులతో చెప్పేవాళ్ళని పెడతారా అని అడిగాను. "వచ్చే ఏడాది చూద్దాంలెండి" అన్నారు. అప్పటిదాకా నువ్వేం చెయ్యాలో వాళ్ళూ చెప్పలేదు, నాకూ తోచలేదు. గణితం పోతోందన్న బాధ నాకు ఉంది, ఉంటుంది కూడా. సంతకం మాత్రం చేశాను.

ఆదివారం నేనూ అమ్మా వస్తున్నాం. నీ కొత్త స్నేహితులతో కూర్చుని భోంచెయ్యాలని అమ్మ ముచ్చట. వాళ్ళేమంటారో నీలాగే మాకూ ఒక్క ముక్క తెలియదు. మా పక్కనే ఉండు.

మీ నాన్న
వర్సితో