గాలి పేజీ పోయింది

మంగళవారం, రాత్రి

ఈరోజు ఫోన్‌లో హిస్టరీ అంతా తుడిచేశాను. మా ఆయన ఫోన్ ఇంట్లో వదిలి చేపల వేటకు వెళ్లిన ప్రతిసారీ "తిరగబడిన బోట్లు", "గల్లంతైన జాలర్లు" అని వెతుకుతూ కూర్చుంటాను. మనిషి సముద్రం మీద ఉండగా అలాంటి మాట ఇంట్లో అనకూడదంటుంది అత్త. రాసి వెతికినా అన్నట్టే కదా. ఆయన కంట పడకూడదనే తుడిచేశాను.

ఆయనకు టైపు చేయడం రాదు. సముద్రం మీద గాలి ఎలా ఉంటుందో చెప్పే పేజీని రోజూ ఆ హిస్టరీలోంచే నొక్కి తెరుస్తాడు. ఆ సంగతే నాకు గుర్తు రాలేదు.

సాయంత్రం ఫోన్ తీసి, "ఏటే, నా గాలి పేజీ ఏటయిపోనాది?" అన్నాడు.

"నాకేటి తెలుసు మావా" అన్నాను.

ఇద్దరం గంటసేపు వెతికాం. నాలుగైదు పేజీలు వచ్చాయి. ఒక్కోదాంట్లో గాలి ఒక్కోలా ఉంది. తనది ఏదో ఆయనే పోల్చుకోలేకపోయాడు.

"పోనీలేయే, మా అయ్య ఫోన్ సూసే ఏటకెల్లీవోడేటి?" అని నవ్వి పడుకున్నాడు.

వాళ్ల నాన్న ఆఖరిసారి వెళ్లి తిరిగి రాలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అత్త అక్కడే ఉంది, మింగేశాను.

ఒళ్లంతా అలసటగా ఉంది, నిద్ర మాత్రం రావడం లేదు. తెల్లారకుండానే ఆయన లేస్తాడు. పక్కింటివాళ్లను గాలి సంగతి అడిగి వెళ్లమని చెప్పాలి. "ఎందుకే అంత బయం?" అంటే ఏం చెప్పను...